214 కోట్ల 74 లక్షల 83 వేల 647

పోయిన రంజాన్‌లో మా పెద్దోడు హైదరాబాద్ నుంచి కేసముద్రం వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఒకరోజు సహెరీ తిని, ఫజర్ అజాన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. వాడు ఫోన్ పక్కన పెట్టి, పాత క్యాలెండర్ కాగితం వెనక ఒక నంబర్ రాసి నా ముందుకు జరిపాడు.

2147483647.

"అబ్బా, 2038ల సెకండ్ల లెక్క ఈ నంబర్ దాటంగనే పాత కంప్యూటర్లల్ల తారీఖ్ తప్పుతదట. ఎరుకనా?" అన్నాడు. మళ్లీ వాడే, "ఇంకో మాట. ఇది ప్రైమ్ నంబర్ గూడ" అన్నాడు.

నేను ఆ రెండో మాట దగ్గరే ఆగిపోయాను. వాడికి ప్రైమ్. నాకు ముఫ్రద్. మధ్యలో తెలుగులో ఇంకో పేరుంది, ప్రధాన సంఖ్య. ఆ పేరు తెలియక నేనొకసారి దెబ్బతిన్నాను. ఆ ఖిస్సా తర్వాత చెప్తాను. ముందు ఈ నంబర్ సంగతి.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మా హిసాబ్ మాస్టర్ సాబ్ ఒకనాడు జేబులోంచి గుప్పెడు మక్కగింజలు తీసి బల్ల మీద పోశారు. 12 గింజలు లెక్కపెట్టి ఇచ్చి "సఫులు కట్టు" అన్నారు. ఈద్గాలో నమాజుకు నిలబడ్డట్టు, అన్ని సఫుల్లో గింజలు సమానంగా ఉండాలి. నాలుగేసి చొప్పున మూడు సఫులు వచ్చాయి. ఆరేసి చొప్పున రెండూ వచ్చాయి. ఇంకొక గింజ కలిపి 13 చేశారు. ఎట్లా పేర్చినా ఒక గింజ మిగులుతుంది, లేదంటే తక్కువ పడుతుంది. అన్నీ ఒకే సఫులో నిలబడితే తప్ప కుదరదు. "ఇనే అకేలా హై. ఇసే ముఫ్రద్ బోల్తే" అన్నారు. సఫులు కట్టగలిగిన 12 మురక్కబ్. ఒకటి ఈ రెండు లెక్కల్లోకీ రాదు.

ఆ సబక్ నేనెప్పుడూ మరవలేదు. మా వాడు రాసిన నంబర్ కూడా ఆ 13 లాంటిదే. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 గింజలు పోసినా సమానమైన సఫులు కట్టలేం.

అన్ని గింజలంటే ఎన్ని? షత్రంజ్ ఖిస్సా మీకు తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అట్లా ప్రతి గడికీ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. మొత్తం 64 గళ్లకు ఎన్ని గింజలవుతాయో వెయ్యేళ్ల కిందటే అల్ బెరూనీ హిసాబ్ చేసి రాసి పెట్టాడు: 18446744073709551615. మనం అంత దూరం పోనక్కర్లేదు. 31వ గడి దగ్గర ఆగి అప్పటిదాకా పోసిన గింజలన్నీ కూడితే సరిగ్గా 2147483647 వస్తుంది. అంటే 2ని 31 సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేసినంత.

మా కేసముద్రం మార్కెట్ లెక్కలో చెప్తాను. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఇవి దాదాపు 430 క్వింటాళ్లు. 40 కిలోల బస్తాలకెత్తితే 1,074 దాకా అవుతాయి. యార్డులో ఒక మూలకు సర్దుకునే కుప్పే. కానీ ఆ కుప్పకు సఫులు కట్టడం కుదరదని తేల్చడానికి దునియాకు రెండు వేల ఏళ్లు పట్టింది.

ఈ తారీఖ్ యూక్లిడ్‌తో మొదలవుతుంది. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్నవాడు. రెట్టింపు గళ్ల మొత్తం ముఫ్రద్ అయితే, దాన్ని ఆఖరి గడిలోని గింజలతో గుణించమన్నాడు. 1, 2 కలిపితే 3. అది ముఫ్రద్. దాన్ని 2తో గుణిస్తే 6. 1, 2, 4 కలిపితే 7. దాన్ని 4తో గుణిస్తే 28. వీటికొక ఖూబీ ఉంది. 6ను నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. వాటిని కూడితే మళ్లీ 6. 28కి 1, 2, 4, 7, 14. కూడితే 28. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అరబ్బీలో వీటిని తామ్ అన్నారు, అంటే నిండుగా ఉన్నవని. తెలుగులో పరిపూర్ణ సంఖ్యలు. ఆ తర్వాతవి 496, 8128.

యూక్లిడ్ కితాబ్ తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అరబ్బీలోకి వచ్చింది. తర్జుమా చేసినవాళ్లలో ఇస్‌హాఖ్ ఇబ్న్ హునైన్ ఈసాయీ. ఆ తర్జుమాను సరిదిద్దిన సాబిత్ ఇబ్న్ ఖుర్రా సాబియన్. వాళ్లకు నీడనిచ్చింది ముస్లిం ఖలీఫాల జమానా. "ముస్లింల సైన్స్" అని మనవాళ్లు ఛాతీ విరుచుకుని చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి. ఇల్మ్‌కి దర్వాజా తెరిచి పెట్టడమే వాళ్ల గొప్పతనం. లోపలికి వచ్చేవాళ్ల మజహబ్ అడగలేదు.

అట్లా తెరిచిన దర్వాజాలోంచి ఇద్దరు ముస్లింలు మన నంబర్ దగ్గరదాకా వచ్చారు.

ఒకరు ఇబ్న్ అల్ హైతమ్. బస్రాలో పుట్టి కాహిరాలో బతికిన ఆలిమ్. వెలుగు మీద రాసిన కితాబ్‌తో ఆయన పేరు నిలిచింది. ఆయనకు ముఫ్రద్‌ని పట్టే ఒక కసౌటీ కూడా తెలుసు. 7 తీసుకోండి. దానికంటే చిన్నవన్నీ, 1 నుంచి 6 దాకా, గుణించండి. 720 వస్తుంది. ఒకటి కలిపితే 721. అది 7తో నిశ్శేషంగా పోతుంది, 103 సార్లు. ముఫ్రద్ అయిన ప్రతిదానికీ ఇది వర్తిస్తుంది, మురక్కబ్‌కి వర్తించదు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత యూరప్‌లో దీనికి విల్సన్ పేరు పెట్టారు. కసౌటీ సచ్చాదే. కానీ మన నంబర్ మీద వాడాలంటే 1 నుంచి 214 కోట్ల దాకా అన్నీ గుణించాలి. చేతితో అయ్యే పని కాదు.

ఇంకొకరు 13వ శతాబ్దపు ఇబ్న్ ఫల్లూస్. ఆయన తామ్ సంఖ్యల పట్టీ ఒకటి రాశాడు. అందులో పది ఉన్నాయి. మొదటి ఏడూ సరైనవే, వరుసలో ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఏడోది 137438691328. ఏడోది యూరప్‌కు దొరకడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. ఇబ్న్ ఫల్లూస్ పట్టీలో ఆఖరి మూడూ తప్పు. ఎనిమిదో తామ్ సంఖ్య పుట్టేది మన 2147483647 నుంచే. అంటే సరిగ్గా దీని గడప దగ్గర ఆయన కలం తడబడింది. నాకు ఆయన మీద తరస్ కలగలేదు, మొహబ్బతే కలిగింది. దీపం వెలుగులో, కాగితం మీద, అంత దూరం నడిచిన మనిషి.

ఆ గడప దాటినవాడు లియోన్‌హార్డ్ ఆయిలర్. 1772లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బెర్నూలీకి ఒక ఖత్ రాస్తూ, 2147483647 ముఫ్రదే అని తేల్చి చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 65. చూపు దాదాపు పోయింది.

ఎట్లా తేల్చాడు? మామూలు పద్ధతిలో 46,340 దాకా ఉన్న ముఫ్రద్ సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అంతకంటే పెద్దదానితో పోతే దాని జోడీ చిన్నదై ముందే దొరికి ఉండేది. అయినా అవి 4,700కు పైగా ఉన్నాయి. ఆయిలర్ అందులో చాలావాటిని ముట్టుకోకుండానే పక్కన పెట్టాడు.

దీనికి చిన్న మిసాల్ చెప్తాను. మొదటి 11 గళ్ల మొత్తం 2047. ఇది 23ను 89తో గుణిస్తే వచ్చేది, అంటే మురక్కబ్. ఇప్పుడు 1తో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోండి, 23 దాటినప్పుడల్లా 23 తీసేయండి. 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, మళ్లీ 1. సరిగ్గా 11 అడుగుల్లో బయల్దేరిన చోటికే వచ్చాం. ఇట్లా 11 అడుగుల చుట్టు తిరగాలంటే ఆ సంఖ్య 11 గుణిజం కంటే ఒకటి ఎక్కువ కావాలి. బేసి కూడా కావాలి కాబట్టి 22 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. 23 అంతే, 89 అంతే.

మన నంబర్‌కి గళ్లు 31. కాబట్టి దాన్ని భాగించగలిగేది ఏదైనా ఉంటే అది 62 గుణిజం కంటే ఒకటి ఎక్కువ కావాలి. ఆయిలర్ ఇంకో షర్త్ కూడా కనిపెట్టాడు. దాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు షర్తులూ కలిపితే 46,340 లోపల 373 సంఖ్యలే మిగులుతాయి. అందులోనూ ముఫ్రద్ అయినవాటినే చూస్తే చాలు. మొదట వచ్చేది 311. దానితో భాగిస్తే 35 మిగులుతుంది. అట్లా ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. కుప్పకు సఫులు కుదరలేదు.

దీన్ని 1073741824తో గుణిస్తే 2305843008139952128. అదే ఎనిమిదో తామ్. ఇబ్న్ ఫల్లూస్‌కు అందనిది.

మన నంబర్‌కి ఇంకో ఖూబీ ఉంది. 5 గళ్ల మొత్తం 31, అది ముఫ్రద్. 31 గళ్ల మొత్తం ఇది, ఇదీ ముఫ్రద్. అట్లా ఒక ముఫ్రద్ చేయి పట్టుకుని ఇంకోటి వచ్చింది. ఇట్లాంటివి దునియాకు తెలిసినంతలో నాలుగే: 7, 127, మన నంబర్, ఇంకా 127 గళ్ల మొత్తం.

చాలా ఏళ్లపాటు, తెలిసిన ముఫ్రద్‌లలో ఇదే అన్నిటికంటే పెద్దది. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లండ్ హిసాబీ, దీని నుంచి వచ్చిన తామ్‌ని మించింది ఇంకెవరూ కనిపెట్టరని రాశాడు. అవి వింతలే గానీ ఎందుకూ పనికిరావు, వాటి కోసం ఎవరు కష్టపడతారని ఆయన దలీల్. 1883లో రష్యాలో ఒక పల్లె పాదిరీ, పెర్వూషిన్, 61 గళ్ల మొత్తం కూడా ముఫ్రదే అని చూపించాడు. యూనివర్సిటీ పెద్ద కాదు, పల్లెటూరి మనిషి. కేసముద్రంలో కూర్చుని రాసేవాడికి ఆ మాట తీపిగా ఉంటుంది.

ఇక 2024. ఆ సెప్టెంబర్ మొదట్లో వానలకు మా కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మా విలేకర్లందరం ఆ వార్తల్లోనే మునిగి ఉన్నాం. మరుసటి నెలలో అమెరికావాడు లూక్ డురాంట్ 13,62,79,841 గళ్ల మొత్తం ముఫ్రద్ అని కనిపెట్టిన వార్త వచ్చింది. ఆ సంఖ్య రాస్తే 4,10,24,320 అంకెలు. మన నంబర్‌కి పదే అంకెలు. బార్లో బతికుంటే ఏమనేవాడో.

పనికిరాదన్న ఆ పది అంకెల నంబరే ఇప్పుడు మన జేబుల్లో తిరుగుతోంది. చాలా కంప్యూటర్లు ఒక సంఖ్య రాసుకోవడానికి 32 ఖానాలు ఇచ్చేవి. ఒక ఖానా ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతే మిగిలినవి 31. షత్రంజ్ గళ్ల లాగానే ప్రతి ఖానా విలువా ముందుదానికి రెట్టింపు. 31 ఖానాలూ నిండితే 2147483647. అంతకుమించి ఒకటి కలిపితే పట్టదు. ఇక్కడ సచ్ చెప్పాలి. ఇది హద్దు అయింది ముఫ్రద్ అయినందుకు కాదు, 31 ఖానాలు కాబట్టి. కొత్త కంప్యూటర్ల హద్దు 63 ఖానాలది. అది ముఫ్రద్ కాదు, 7తోనే నిశ్శేషంగా పోతుంది. ఆయిలర్ తేల్చిన నంబర్, మెషీన్ హద్దు ఒకటే కావడం ఇత్తెఫాఖ్.

చాలా కంప్యూటర్లు టైంని 1970 జనవరి 1 నుంచి సెకండ్లలో లెక్కపెడతాయి. మన టైం ప్రకారం ఆ రోజు తెల్లవారి 5:30 నుంచి. 2038 జనవరి 19, మంగళవారం, పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకండ్లకు ఆ లెక్క 2147483647కి చేరుతుంది. పాత పద్ధతిలోనే ఉండిపోయిన మెషీన్‌లో మరుసటి సెకండుకు లెక్క తిరగబడి మైనస్‌లోకి పోతుంది. తారీఖ్ 1901 డిసెంబర్‌కు జారుతుంది. మన ఇప్పటి టైంలో చెప్తే డిసెంబర్ 14, రాత్రి 2 గంటల 15 నిమిషాల 52 సెకండ్లు.

మా వాడు ఇది చెప్పినప్పుడు నేను హిజ్రీ లెక్క చూశాను. అవి 1319 రంజాన్ తొలి రోజులు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానా. సికింద్రాబాద్ నుంచి బెజవాడకు రైలు మా ఊరి మీదుగా పడి పన్నెండేళ్లయింది. తప్పు తారీఖ్ చూపించే ఆ మెషీన్, పాపం, మమ్మల్ని ఇంకో సహెరీకే తీసుకుపోతుంది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. కొత్త మెషీన్లలో ఈ ఇబ్బంది లేదు. కానీ ఏ ఆఫీసు మూలలో, ఏ మీటర్ డబ్బాలో పాత లెక్క నడుస్తోందో వెతికి మార్చడం మా వాడి వయసు వాళ్ల పని.

ఇప్పుడు నా ఖిస్సా.

డిగ్రీ తెలుగులో చేశాను. తర్వాత ఒక నౌకరీ ఇంతెహాన్ రాశాను. పర్చా తెలుగులో ఉంది. కింది వాటిలో ప్రధాన సంఖ్య ఏది అని సవాల్. తెలుగు సాహిత్యం చదివిన నాకు ప్రధానం అంటే ముఖ్యమైనదని తెలుసు. నాలుగు అంకెల్లో ముఖ్యమైనది ఏదో అర్థం కాలేదు. గుండ్రంగా ఉంది కదా అని 100 మీద టిక్కు పెట్టాను. మిగతా వాటిలో 97 ఉంది. ముఫ్రద్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని పెట్టేవాణ్ణి. ఆ నౌకరీ కొద్ది మార్కుల్లో పోయింది. ఆ ఒక్క సవాల్ వల్లే పోయిందని చెప్పను. కానీ బయటికొచ్చాక ఒక దోస్త్ జవాబ్ చెప్పి నవ్వినప్పుడు పడ్డ షర్మ్ మాత్రం ఇప్పటికీ ఉంది. మక్కగింజలతో నేర్చుకున్న ఇల్మ్ నా దగ్గర ఉంది. దర్వాజా మీద రాసిన లఫ్జ్ మాత్రం నాది కాదు.

చాలా ఏళ్లు దాన్ని నా ఒక్కడి ఫిర్యాద్ అనుకున్నాను. విలేకరి పని మొదలుపెట్టాక మా దిక్కు ముసలి హిందూ రైతులతో మాట్లాడుతుంటే ఇంకో వైపు కనిపించింది. 1917లో హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా పెట్టారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. పెద్ద పెద్ద ఇల్మ్‌లన్నీ హిందుస్తానీ జబాన్‌లో చెప్పొచ్చని చూపించిన యూనివర్సిటీ. ఆ ఫఖర్ నాకుంది. కానీ అదే జమానాలో వరంగల్ పల్లెల్లోని తెలుగు పిల్లలకు ముఫ్రద్, మురక్కబ్ అన్న లఫ్జులే గోడలు. ఇంట్లో తెలుగు, దఫ్తర్‌లో ఉర్దూ. ఎంతమంది పిల్లలు 13 గింజల సంగతి తెలిసి కూడా ఆ గోడ దగ్గర ఆగిపోయి ఉంటారు? 1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. గోడ పోలేదు, జరిగింది. వాళ్ల ముందున్నది నా ముందుకొచ్చింది.

గోడకు దర్వాజా పెట్టేది తర్జుమానే. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని సంస్కృతం నుంచి తెలుగులోకి తెచ్చాడు. 18వ శతాబ్దం మొదట్లో జైసింగ్ కొలువులో జగన్నాథ పండితుడు, నసీరుద్దీన్ తూసీ అరబ్బీలో తిరగరాసిన యూక్లిడ్‌ని రేఖాగణితం పేరుతో సంస్కృతంలోకి తెచ్చాడు. బగ్దాద్ దర్వాజాలోంచి వచ్చిన కితాబే అది. మన కాలంలో గుంటూరు జిల్లాలో పుట్టిన మతుకుమల్లి సుబ్బారావు కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీలో పనిచేస్తూ, 1966లో వారెన్‌తో కలిసి తామ్ సంఖ్యలకు ఒక కొత్త చుట్టరికం కలిపాడు. 60ని రెండు ముక్కలుగా గుణించినప్పుడు, ఆ ముక్కలకు 1 తప్ప ఉమ్మడి భాజకం లేని జోడీలనే తీసుకోవాలి. అట్లా వచ్చేవి 60 కాక 1, 3, 4, 5, 12, 15, 20. కూడితే 60. ఇట్లాంటివి ఇప్పటికి ఐదే తెలుసు. యూక్లిడ్, ఇబ్న్ అల్ హైతమ్, ఇబ్న్ ఫల్లూస్, ఆయిలర్, సుబ్బారావు. ఒకే సవాల్‌ని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్నారు. ఎవరి జబాన్ వాళ్లది.

ఇవన్నీ వింటున్న మా వాడు, "ముఫ్రద్ అంటే మాటకు మాట ఏంది అబ్బా?" అని అడిగాడు.

"ఒంటరిది అని బేటా. ప్రధానం అంటే పెద్దది. మీ ఇంగ్లీషోళ్లకు మొదటిది. ఒక్కదానికే మూడు చూపులు."

అజాన్ అయింది. నమాజ్ చేసి వచ్చాక అదే కాగితం మీద వాడు మూడు వరుసలు గీశాడు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. ముఫ్రద్, మురక్కబ్, తామ్, జర్బ్, తఖ్సీమ్. నేను ఉర్దూ వైపు నింపాను, తెలుగు వైపు ఇద్దరం కలిసి నింపాం. గుణకారం, భాగహారం దగ్గర ఇబ్బంది రాలేదు. ఈద్ దాకా 84 లఫ్జులయ్యాయి. జిరాక్స్ తీయించి, మా ఊళ్లో ఈసారి ఉర్దూ మీడియం నుంచి పదో తరగతి రాసి తెలుగు, ఇంగ్లీషు కాలేజీలకు పోబోతున్న పిల్లలకు ఇచ్చాను. పైవరుసలో ముఫ్రద్ ఎదురుగా ప్రధాన సంఖ్య అని నా చేత్తోనే రాశాను. మీలో ఎవరి దగ్గరైనా అట్లాంటి పిల్లలుంటే చెప్పండి, పంపిస్తాను.